బోర్డు డబ్బాలో లారీ డ్యాష్‌బోర్డు: నేను బటన్ బాక్స్ తయారుచేసుకున్న అనుభవం

ప్రాగ్ నగరంలోని ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ సంస్థ 2012లో విడుదల చేసిన యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 అనే లారీలు నడిపే కంప్యూటర్ ఆటను నేను నాలుగేళ్లుగా ఆడుతున్నాను. మొదట కీబోర్డుతోనే ఆడేవాణ్ణి. తరువాత పెడళ్లతో కూడిన స్టీరింగ్ చక్రం ఒకటి కొన్నాను. చక్రాన్ని బల్ల అంచుకు బిగించిన రోజు నుంచి కీబోర్డుకు చోటు లేకుండా పోయి, అది మానిటర్ కాళ్ల దగ్గరకు చేరింది. అయితే లారీ నడపడానికి చక్రమూ పెడళ్లూ చాలవు. చేతి బ్రేకు, హెడ్‌లైట్లు, పైకప్పు మీద తిరిగే హెచ్చరిక దీపం, ఇరుపక్కల చక్రాలు కలిసి తిరిగేలా చేసే డిఫరెన్షియల్ లాక్, ట్రైలర్ తగిలించడం, మామూలు బ్రేకులు వాడకుండానే వేగం తగ్గించే రిటార్డర్, వేగాన్ని ఒకేలా నిలిపి ఉంచే క్రూయిజ్ కంట్రోల్, ఇలా ప్రతిదానికీ ఒక కీ ఉంటుంది. చీకటి గదిలో ముందుకు వంగి డిఫరెన్షియల్ లాక్ కోసం ‘వీ’ అక్షరం వెతుకుతూ, దాని పక్కనే ఉన్న ‘సీ’ నొక్కి, క్రూయిజ్ కంట్రోల్ వేసుకుని మరీ రోడ్డు పక్క రెయిలింగును ఢీకొట్టిన రాత్రి, చేతికి అందే చోట నిజమైన స్విచ్చులున్న పెట్టె, అంటే బటన్ బాక్స్, ఒకటి ఉండి తీరాలని నిశ్చయించుకున్నాను.

ఇటువంటి పెట్టెలు తయారుగా దొరుకుతాయి. కానీ వాటిలో ఎక్కువ భాగం రేసు కార్ల కోసం రూపొందించినవి కావడం వల్ల లారీకి అక్కరలేని బటన్లు ఉంటాయి, అక్కరకు వచ్చేవి ఉండవు. పైగా విదేశం నుంచి తెప్పించుకుంటే సుంకంతో కలిపి నా చక్రం ధరలో సగం దాకా అవుతున్నది. టంకం పెట్టడం కాలేజీ రోజుల్లో కొంత నేర్చుకున్నదే కనుక సొంతంగా చేసుకోవడానికి సిద్ధపడ్డాను. నాలుగు ఆదివారాల పని అనుకున్నది మూడు నెలలు పట్టింది.

కంప్యూటరుకు ఈ పెట్టె ఒక జాయ్‌స్టిక్ లాగా కనిపించాలి. అందుకు వాడే చిన్న సర్క్యూట్ బోర్డు ఏదైనా పరవాలేదనుకుని, ఇంట్లో ఎప్పటి నుంచో పడి ఉన్న ఆర్డుయినో ఊనోతో మొదలుపెట్టబోయాను. కాస్త చదివిన తరువాత తెలిసిందేమిటంటే, ఊనోలోని ప్రధాన చిప్‌కు యూఎస్‌బీతో నేరుగా మాట్లాడే శక్తి లేదు. మధ్యలో వేరొక చిప్ దుబాసీగా ఉంటుంది. ఏటీమెగా32యూ4 అనే చిప్ ఉన్న లియోనార్డో, ప్రో మైక్రో బోర్డులకు మాత్రం యూఎస్‌బీ లోపలే ఉంటుంది కనుక అవి తమను తాము కీబోర్డుగానో జాయ్‌స్టిక్‌గానో పరిచయం చేసుకోగలవు. బొటనవేలంత ఉండే ప్రో మైక్రోను ఎంచుకున్నాను. దానికి వాడుకోదగిన పిన్నులు 18 ఉన్నాయి.

సామాను కొనకముందే ఒక పని చేశాను. ఒక అట్టముక్కను 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల పొడవుతో కత్తిరించి, దాని మీద నీళ్ల సీసాల మూతలు బటన్లుగా అంటించి, చక్రానికి ఎడమ పక్కన పెట్టుకుని వారం రోజులు ఆడాను. మన రోడ్ల మీద బండి నడిపేవారికి గేరు ఎడమ చేతి పని కనుక నా చెయ్యి దానంతట అదే ఎడమవైపు వెళుతుంది. ఏ పని అవసరమైనా ముందు అట్టమీది మూతను తాకి, ఆ తరువాతే కీబోర్డు నొక్కాలని నియమం పెట్టుకున్నాను. రెండో రోజుకే హారన్ మూత స్థానం మారింది, నాలుగో రోజుకు హెడ్‌లైట్ల మూత పైవరుసకు పోయింది. కాగితం మీద గీసుకున్న అమరిక అందంగా ఉండవచ్చు గాని, చెయ్యి ఎటు పోతుందో చెయ్యికే తెలుసు.

చివరికి జాబితా ఇలా తేలింది: హారన్, ఎయిర్ హారన్, హెడ్‌లైట్లు, హైబీమ్, ట్రైలర్, ఇంజిన్ స్టార్ట్ కోసం ఆరు బటన్లు, చేతి బ్రేకు, హెచ్చరిక దీపం, డిఫరెన్షియల్ లాక్, హజార్డ్ లైట్లు, చక్రాల ఇరుసును పైకెత్తే లిఫ్ట్ యాక్సిల్ కోసం మీటలాంటి టోగుల్ స్విచ్చులు ఐదు, విద్యుత్తు కోసం ఒక తాళంచెవి, రిటార్డర్‌కు, క్రూయిజ్ వేగానికి, రేడియో స్టేషన్లు మార్చడానికి గుండ్రంగా తిరిగే ఎన్‌కోడర్లు మూడు. ఎన్‌కోడర్ తలను నొక్కితే అదీ ఒక బటనే కనుక మొత్తం స్విచ్చులు 15 అయ్యాయి.

వీటికోసం హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లాను. నొక్కినంతసేపే కలిసి, వదిలితే విడిపోయే బటన్‌ను దుకాణాల్లో ‘పుష్ టు ఆన్’ అంటారు. ఆ మాట తెలియక నేను ‘మొమెంటరీ’ అని రెండు దుకాణాల్లో అడిగి తెల్లమొహం వేయించుకున్నాను. మూడో దుకాణంలోని పెద్దాయన నా కాగితం తీసుకుని, ‘టోగుల్ మామూలుదా, స్ప్రింగ్‌దా?’ అని అడిగారు. రెంటికీ తేడా ఏమిటని నేను అడిగితే, ‘మామూలుది వేసిన చోటే ఉంటది, స్ప్రింగ్‌ది చెయ్యి తీస్తే మధ్యలోకి వస్తది. గేమ్ కైతే చాలామంది స్ప్రింగ్‌దే తీసుకుంటరు’ అన్నారు. ఆయన అనుభవంతో చెప్పిన ఆ మాటను నేను పట్టించుకోలేదు. చేతి బ్రేకు వేస్తే వేసినట్టు కనిపించాలన్న పట్టుదలతో మామూలు టోగుల్ స్విచ్చులే కొన్నాను. ఆ పట్టుదల ఖరీదు తరువాత చెబుతాను. తాళంచెవికి మాత్రం రాణిగంజ్ వెళ్లి ఒక మోటారుసైకిల్ ఇగ్నిషన్ లాక్ తెచ్చాను. దాని నాలుగు తీగల్లో ఏ రెండు తాళం తిప్పినప్పుడు కలుస్తాయో మల్టీమీటర్ బీప్ శబ్దంతో కనిపెట్టాను.

పెట్టె విషయంలో చాలా ఆలోచించి, చివరకు మా వీధి మూలనున్న ఎలక్ట్రికల్ దుకాణంలో పాతకాలపు ఇళ్లలో స్విచ్చులు బిగించే 8×10 చెక్క బోర్డు డబ్బా కొన్నాను. దాని మూతగా వచ్చేది హైలం షీటు అనే గట్టి పలక. హైదరాబాద్ సనత్‌నగర్‌లో బేకలైట్ హైలం కర్మాగారం ఉండేది. దాని పేరే మన ఎలక్ట్రీషియన్ల నోట ఆ షీటుకు స్థిరపడిపోయింది. యాక్రిలిక్ షీటు చూడ్డానికి బాగుంటుందని ముందు ఒకటి తెచ్చాను గాని, రెండో రంధ్రానికే మూల నుంచి పగిలింది. హైలం పగలదు, వంగదు, టోగుల్‌ను గట్టిగా లాగినా కదలదు. కింద ఒక చెక్కముక్క ఆనించి, ముందు 3 మిల్లీమీటర్ల బిట్‌తో దారి చేసి, తరువాత టోగుల్ స్విచ్చులకు 6, బటన్లకు 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేశాను. ఆ పొడి వాసన మాత్రం ఘాటుగా ఉంటుంది. ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా మొదలుపెట్టి, తుమ్ములతో మధ్యలో ఆగాను.

ఇక వైరింగ్. స్విచ్చుకు ఒక పిన్ను చొప్పున ఇస్తే 15 పిన్నులు వాటికే పోయి, ఎన్‌కోడర్లకు రెండేసి చొప్పున కావలసిన ఆరు మిగలవు. అందుకని స్విచ్చులను నాలుగు అడ్డువరుసలు, నాలుగు నిలువువరుసలుగా అల్లుకుంటారు. ప్రతి స్విచ్చు ఒక అడ్డువరుసను ఒక నిలువువరుసతో కలుపుతుంది. బోర్డు ఒక్కొక్క నిలువువరుసను క్షణకాలం సున్నా వోల్టులకు దించి, ఏ అడ్డువరుస దానితోపాటు కిందికి దిగిందో చూసి, ఏ స్విచ్చు నొక్కారో తెలుసుకుంటుంది. ఎనిమిది పిన్నులతో 16 స్విచ్చులు చదవవచ్చు. ఎన్‌కోడర్లకు ఆరు పోగా ఇంకా నాలుగు మిగులుతాయి. తీగలుగా పాత ల్యాన్ కేబుల్ విప్పి అందులోని ఒంటిపోగు రాగి తీగలు వాడాను. ఇది పొరపాటు. మూత తెరిచి మూసిన ప్రతిసారీ ఆ తీగలు టంకం దగ్గర వంగి, పదోసారికి ఒకటొకటిగా తెగడం మొదలైంది. అన్నీ తీసేసి, సన్నటి పోగులు చాలా ఉండే రిబ్బన్ కేబుల్ వేశాక ఆ బాధ తీరింది.

ప్రతి స్విచ్చుకూ డయోడ్ అనే చిన్న ఎలక్ట్రానిక్ భాగం ఒకటి పెట్టమని నేను చదివిన ప్రతిచోటా రాసి ఉంది. రూపాయికి ఒకటి దొరికే 1ఎన్4148 డయోడ్లు పదహారు కొని కూడా, ‘ఒకేసారి రెండు బటన్లకు మించి ఎవరు నొక్కుతారులే’ అనుకుని పెట్టలేదు. మొదటి రోజు ఆటలో తాళంచెవి తిప్పాను, చేతి బ్రేకు వేశాను, పైనున్న హెచ్చరిక దీపం వెలిగించాను. అంతే, ఎవరూ నొక్కకుండానే హారన్ మోగడం మొదలై, ఎంతకీ ఆగలేదు. తప్పు హారన్ బటన్‌ది అనుకుని దాన్ని ఊడదీసినా మోత ఆగకపోయేసరికి అర్థమైంది. దీర్ఘచతురస్రానికి మూడు మూలల్లో స్విచ్చులు కలిసి ఉంటే, విద్యుత్తు ఆ మూడింటి గుండా వెనక్కి తిరిగి నాలుగో మూల కూడా కలిసినట్టు భ్రమ పుట్టిస్తుంది. తాళంచెవి, చేతి బ్రేకు, దీపం మూడు మూలలు. నాలుగో మూల హారన్. వేలితో నొక్కే బటన్లయితే మూడు ఒక్కసారి కలవడం అరుదు. వేసిన చోటే ఉండే టోగుల్ స్విచ్చులకు అది నిత్యకృత్యం. కోఠి పెద్దాయన మాట అప్పుడు మొదటిసారి గుర్తుకు వచ్చింది.

డయోడ్ విద్యుత్తును ఒకవైపే పోనిస్తుంది కనుక ఈ దొడ్డిదారి మూసుకుపోతుంది. ఒక శనివారం రాత్రంతా కూర్చుని అన్ని స్విచ్చులకూ డయోడ్లు టంకం పెట్టి, తెల్లవారుజామున కంప్యూటరుకు తగిలిస్తే ఒక్క బటనూ పనిచేయలేదు. డయోడ్ మీద నల్లటి గీత ఉన్న కొస నిలువువరుస వైపు ఉండాలి. నేను అన్నింటినీ అడ్డువరుస వైపు పెట్టాను. మళ్లీ అన్నీ ఊడదీయాలన్న ఆలోచనకే చేతులు ఆడలేదు. స్నానం చేస్తుంటే తట్టింది: డయోడ్లు తిరగబడితే, ప్రోగ్రాములో వరుసలను తిరగేస్తే సరిపోదా? అడ్డువరుసలని రాసిన పిన్నులను నిలువువరుసలుగా, నిలువువరుసలని రాసినవాటిని అడ్డువరుసలుగా మార్చి, బటన్ల పట్టికను దానికి తగ్గట్టు తిప్పి రాసుకున్నాను. టంకం ముట్టుకోకుండా ఐదు నిమిషాల్లో పని ముగిసింది. ఈ మూడు నెలల్లో నేను అంతగా సంతోషించిన క్షణం మరొకటి లేదు.

ప్రోగ్రాము విషయానికి వస్తే, జాయ్‌స్టిక్‌కు ఒకటి, కీప్యాడ్‌కు ఒకటి ఉచితంగా దొరికే లైబ్రరీలు, అంటే ముందే రాసిపెట్టిన కోడ్, ఉన్నందువల్ల అందులో కష్టమైనది తక్కువ. కష్టం కొనితెచ్చుకున్నది నేనే. ప్రో మైక్రోలో 5 వోల్టులది, 3.3 వోల్టులది అని రెండు రకాలు ఉంటాయి. మొదటిది 16 మెగాహెర్ట్జ్ వేగంతో, రెండోది 8తో నడుస్తుంది. నా దగ్గరున్నది 5 వోల్టుల బోర్డు. ప్రోగ్రాము ఎక్కించే సాఫ్ట్‌వేర్‌లోని బోర్డుల జాబితాలో పొరపాటున రెండోదాన్ని ఎంచుకుని ప్రోగ్రాము ఎక్కించగానే బోర్డు కంప్యూటరుకు కనిపించడం మానేసింది. పాడైపోయిందనుకుని మరో బోర్డు కొన్న తరువాత తెలిసింది: ఆర్‌ఎస్‌టీ అనే పిన్నును గ్రౌండుకు వెంటవెంటనే రెండుసార్లు తాకిస్తే బోర్డు ఎనిమిది సెకన్ల పాటు కొత్త ప్రోగ్రాము కోసం ఎదురుచూస్తుంది, ఆ వ్యవధిలో సరైనది ఎక్కిస్తే తిరిగి లేస్తుంది. లేచింది. రెండో బోర్డు కొన్నందుకు చింతలేదు, ఎందుకంటే తరువాతి వారంలో కేబుల్ కాలికి తగిలి నేను లాగిన లాగుడుకు మొదటి బోర్డు మీది మైక్రో యూఎస్‌బీ సాకెట్ రాగి పట్టాలతో సహా ఊడి వచ్చింది. ఇప్పుడు రెండో బోర్డు సాకెట్ చుట్టూ హాట్ గ్లూ పోసి, కేబుల్‌ను డబ్బా గోడకు క్లిప్పుతో బిగించాను.

ఎన్‌కోడర్ల వల్ల రెండు వారాలు పోయాయి. నేను కొన్న ఈసీ11 రకం ఒక చుట్టుకు 20 మెట్లు తిరుగుతుంది. లోపల ఉన్న రెండు కాంటాక్టులు ఒకదాని వెనుక ఒకటి కలిసి విడిపోయే క్రమాన్ని బట్టి అది కుడికి తిరిగిందా ఎడమకు తిరిగిందా తెలుస్తుంది. ప్రతి మెట్టుకూ ప్రోగ్రాము ఒక బటన్‌ను నొక్కి వదిలినట్టు ఆటకు చెప్పాలి. విండోస్‌లోని గేమ్ కంట్రోలర్ల పరీక్ష కిటికీలో ప్రతి మెట్టూ చక్కగా వెలుగుతుంటే, ఆటలో మాత్రం ఐదు మెట్లకు రెండే అందుతున్నాయి. సెకనుకు 60 ఫ్రేములతో నడిచే ఆట దాదాపు 17 మిల్లీసెకన్లకు ఒకసారి బటన్ల వైపు చూస్తుంది. నా బటన్ ఆ లోపలే నొక్కి వదిలేస్తే అది ఆట కంట పడదు. అందుకని 50 మిల్లీసెకన్లు నొక్కి ఉంచి, 30 మిల్లీసెకన్లు వదిలేలా రాశాను. అది కూడా మొదట ప్రోగ్రామునంతా ఆపివేసే ఆదేశంతో రాయడం వల్ల, ఆ 50 మిల్లీసెకన్లలో తిరిగిన మెట్లు పోయాయి. గడియారం చూసుకుంటూ ఆగకుండా నడిచేలా తిరిగి రాసి, మిగిలిన మెట్లను వరుసలో నిలబెట్టాను. అప్పుడు కొత్త తంటా: గబగబా తిప్పి చెయ్యి తీసిన తరువాత కూడా క్రూయిజ్ వేగం దానంతట అదే పెరుగుతూ పోయింది. వరుసలో మూడింటికి మించి నిలబడకుండా కత్తిరించాక కుదురుకుంది.

ఇక టోగుల్ స్విచ్చుల సంగతి. నిజమైన లారీలో చేతి బ్రేకు స్విచ్చు ఎక్కడుంటే బ్రేకు అక్కడ ఉంటుంది. ఆటలో అలా కాదు. బటన్ ఒకసారి నొక్కితే బ్రేకు పడుతుంది, మళ్లీ నొక్కితే వదులుతుంది. టోగుల్ పైకి వేస్తే బటన్ నొక్కి పట్టుకున్నట్టు ఆట భావించి బ్రేకు వేసింది. కిందికి దించితే వదిలినట్టే తప్ప మళ్లీ నొక్కినట్టు కాదు కనుక బ్రేకు అలాగే ఉండిపోయింది. స్విచ్చు పైకి పోయినా కిందికి వచ్చినా ఒక చిన్న నొక్కుడు పంపేలా ప్రోగ్రాము మార్చడంతో పని జరిగింది గాని, అసలు చిక్కు అప్పుడే బయటపడింది. స్విచ్చుకు ఒక జ్ఞాపకం ఉంది, ఆటకు మరొక జ్ఞాపకం ఉంది, రెంటికీ మాటలు లేవు. చేతి బ్రేకు వదిలిన స్థితిలో స్విచ్చు ఉండగా ఆట తెరిస్తే, అక్కడ లారీ బ్రేకు వేసి నిలబడి ఉంటుంది. ఇక అక్కడి నుంచి అంతా తలకిందులే. ‘వేసి ఉంది’ అన్నప్పుడు వదులుతుంది, ‘వదిలి ఉంది’ అన్నప్పుడు పడుతుంది. పైగా కొన్ని టోగుల్స్ వేసి ఉన్న స్థితిలో పెట్టెను కంప్యూటరుకు తగిలిస్తే, అవన్నీ అప్పుడే వేసినట్టు ఒక్కసారిగా సంకేతాలు పోయేవి.

రెండోదానికి మందు సులభం: తగిలించిన తరువాత మొదటి రెండు సెకన్లు పెట్టె నోరు మెదపదు. మొదటిదానికి, అల్లికలో ఖాళీగా ఉన్న పదహారో స్థానంలో చిన్న నల్ల బటన్ ఒకటి పెట్టి దానికి ‘మౌనం’ అని పేరు పెట్టాను. దాన్ని నొక్కి పట్టుకుని ఏ టోగుల్ కదిపినా ఆటకు ఏ కబురూ పోదు. ఆట మొదలుపెట్టగానే తెర మీది డ్యాష్‌బోర్డు చూసి, మౌనం నొక్కి, ఐదు టోగుల్ స్విచ్చులనూ తాళంచెవినీ లారీ ఉన్న స్థితికి సరిచేసుకుంటాను. పది సెకన్ల పని. స్ప్రింగ్ టోగుల్ కొని ఉంటే ఈ పది సెకన్లూ, దాని వెనుక మూడు వారాలూ మిగిలేవని ఒప్పుకుంటాను. అయినా ‘టక్’మని పైకి పోయి అక్కడే నిలిచే మీటను వేసినప్పటి తృప్తి స్ప్రింగ్‌లో లేదు. మళ్లీ చేసినా మామూలుదే కొంటాను.

పేర్ల కోసం మా ఇంటి దగ్గర నంబర్ ప్లేట్లకు రేడియం స్టిక్కర్లు కత్తిరించే అతని దగ్గరకు వెళ్లాను. ‘చేతి బ్రేకు’, ‘హారన్’, ‘మౌనం’ అని తెలుగులో రాసి ఇచ్చిన కాగితం చూసి, ‘ఇది ఏ బండికి అన్నా?’ అని అడిగాడు. ‘ఇంట్లో నడిపే లారీకి తమ్ముడూ’ అంటే ఇంకేమీ అడగకుండా పసుపు రంగులో కత్తిరించి ఇచ్చాడు. మొత్తం ఖర్చు, పగిలిన యాక్రిలిక్ షీటు, అదనపు బోర్డు కలుపుకుని 2,600 రూపాయలకు కాస్త అటూ ఇటూగా తేలింది.

పెట్టె పూర్తయిందనుకున్నాక మా మేనమామ వచ్చారు. ఆయన ఇరవై ఏళ్లుగా లారీ నడుపుతున్నారు. చక్రం ముందు కూర్చుని, జర్మనీ దారిలో కాసేపు నడిపి, అలవాటుగా చూడకుండానే హారన్ మీదకు చెయ్యి పోనిచ్చారు. ముంజేయి తగిలి చేతి బ్రేకు పడింది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి ట్రైలర్‌తో సహా రోడ్డుకు అడ్డం తిరిగింది. ‘ఈ రెంటినీ పక్కపక్కన ఎవడు పెట్టాడురా అల్లుడూ?’ అన్నారు. అట్టముక్క మీద వారం రోజులు సాధన చేసినా ఇది నాకు తెలియకపోవడానికి కారణం, సీసా మూతలు చదునుగా ఉంటాయి, టోగుల్ మీట సెంటీమీటరు పైకి పొడుచుకుని ఉంటుంది. చేతి బ్రేకును పై మూలకు, ఒంటరిగా మార్చాను.

దానివల్ల హారన్ పక్కన ఒక రంధ్రం ఖాళీగా మిగిలింది. ప్రస్తుతానికి రబ్బరు మూతతో మూసి ఉంచాను. ఆట నడుస్తున్నప్పుడు లారీ స్థితిగతులను బయటి ప్రోగ్రాములు చదువుకునేందుకు తయారీ సంస్థే దారి ఇచ్చింది కనుక, ఆటలో చేతి బ్రేకు నిజంగా పడి ఉంటే వెలిగే ఎర్ర ఎల్‌ఈడీ ఒకటి ఆ రంధ్రంలో అమర్చాలని ఉంది. అప్పుడు స్విచ్చు ఒకటి చెప్పి ఆట మరొకటి చెబుతుంటే, ఆ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఎల్‌ఈడీ, 220 ఓమ్‌ల రెసిస్టర్ కోఠి నుంచి తెచ్చి డబ్బా లోపలే టేపుతో అంటించి పెట్టాను. కంప్యూటరు వైపు రాయవలసిన ప్రోగ్రాము ఇంకా మొదలుపెట్టలేదు.